జానెడు కోపం

“ఈ చీర నేసిన చేతికి మగ్గం ఇవ్వను,” అన్నాడు కోటిలింగం, భూతద్దం మీంచి కన్ను తియ్యకుండానే.

బల్లకు అవతల నిలబడ్డ మనోజ్ఞ ముఖం పాలిపోయింది. కోటిలింగం అది చూడలేదు. ఆయన మనుషుల ముఖాలు చూడడు. ముఖం నటిస్తుంది, బట్ట నటించదు అంటాడు. కోపంగా ఉన్న మనిషి పేకని, అంటే అడ్డపోగుని, గట్టిగా కొడతాడనీ, బెంగగా ఉన్న మనిషి వదులుగా కొడతాడనీ ఆయన సిద్ధాంతం. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉంటారు. కోటిలింగానికి ఆవలింత కూడా అక్కర్లేదు, గజం బట్ట చాలు. ఆయన లెక్క ఎన్నడూ తప్పలేదని మంగళగిరిలో ఆయన నేత షెడ్డులో అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్ళు ఆ షెడ్డులో లేరు.

షెడ్డుకు ఒక కట్టడి ఉంది. మగ్గం దగ్గర ఎవరు కూర్చున్నా, నేత మొదలుపెట్టే చోట అంచు కొసన తమ రంగు దారం ముడి వేసుకోవాలి. మెప్పయినా చీవాట్లయినా సరైన మనిషికి చేరాలి కదా. ముసలి హనుమయ్యది ఎరుపు. కొత్తగా చేరిన మనోజ్ఞది ఆకుపచ్చ.

మూడు నెలలు పని నేర్చుకుని ఆ పిల్ల నేసిన మొదటి చీర ఇది. నెగ్గితే ఖాళీగా ఉన్న ఆరో మగ్గం ఆమెది. లేకపోతే సోమవారం నుంచి మళ్ళీ విజయవాడ బస్సు, మళ్ళీ ఆ కాల్ సెంటర్. ‘టెన్షన్ ఎక్కువ, కోపం ఎక్కువ’ అని అక్కడి మేనేజరు ఒకసారి ఆమె మీద రిపోర్టు రాశాడు. ఆ సంగతి కోటిలింగానికీ తెలుసు. నిప్పు లేనిదే పొగ రాదు అనుకున్నాడు.

“వంక ఎక్కడుందో చూపించండి పెదనాన్నా,” అంది మనోజ్ఞ.

“చూపిస్తా. ఇదిగో, ఇక్కడ భయపడుతూ నేశావు. మొదటిరోజు కదూ?”

“అవును.”

“ఇక్కడ ఫోన్ మోగింది. లేచెళ్ళొచ్చావు.”

“అమ్మ చేసింది.”

“ఈ మూరకి మాత్రం వంక పెట్టలేను. ఆ రోజు కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి వచ్చావు.”

మనోజ్ఞ తలూపింది. పక్క మగ్గం దగ్గర హనుమయ్య, పోగు మోస్తూ అటూ ఇటూ తిరిగే నాడె ఆపి మరీ వింటున్నాడు.

“మరి ఇదేంది?” కోటిలింగం వేలు చీర నడిమధ్యన ఆగింది. అక్కడ జానెడు మేర బట్ట అట్టముక్కలా బిగుసుకుపోయి ఉంది. “అంగుళానికి పది పోగులు ఎక్కువ దిగినయ్. దీన్ని నేత అనరమ్మాయ్, కసి తీర్చుకోవడం అంటారు. ఎవరి మీద?”

మనోజ్ఞ వంగి చూసింది. ఏదో తట్టినట్టు చటుక్కున తలెత్తింది.

“పెదనాన్నా, ఒక్కసారి అంచు...”

“అంచుకేం, దివ్యంగా ఉంది. రోగం అంచులో లేదు, మనసులో ఉంది.”

“అది కాదు పెదనాన్నా...”

“నేను చెప్పేది విను. కోపం ఎవరికి రాదు? నన్ను చూడు. ఆ మధ్య నూలు షావుకారు నడిబజార్లో నన్ను అనరాని మాటలన్నాడు. షెడ్డులో ఒక్కరికన్నా తెలిసిందా? నవ్వుతూ వచ్చానా లేదా? నవ్వుతూనే నీకు పాఠం చెప్పానా లేదా?”

“చెప్పారు.”

“ఆ నిగ్రహం ఉండాలి. కోపాన్ని చెప్పులతోపాటు గడప బయట విడిచి రావాలి.”

“కోటిలింగం,” అన్నాడు హనుమయ్య గొంతు సవరించుకుని, “ఆ పిల్ల ఏదో చెప్పబోతోందయ్యా.”

“నీ పని నువ్వు చూసుకో హనుమయ్యా. జాలి పడితే షెడ్డు నడవదు.”

హనుమయ్య నాడె చేతిలోకి తీసుకున్నాడు కానీ విసరలేదు. మిగతా మగ్గాలు కూడా ఒక్కొక్కటే ఆగాయి. అందరూ వింటున్నారని తెలిసేసరికి కోటిలింగానికి గొంతు ఇంకాస్త పెరిగింది.

“అందరూ వినండి. ఈ జానెడు నేసిన మనిషి నేతకు పనికిరాడు. రేపటి నుంచి ఈ షెడ్డులో మగ్గం ముట్టుకోగూడదు.”

మనోజ్ఞ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆఫీసులో అయితే ఈపాటికి బ్యాగు తీసుకుని బయటికి నడిచేది. ఇక్కడ కదల్లేదు.

“ఎవరైనా సరేనా పెదనాన్నా?”

“ఎవరైనా సరే! మా నాయన లేచొచ్చినా సరే!”

 మనోజ్ఞ చీర మడత నెమ్మదిగా ఇవతలికి లాగి, బిగిసిన చోట అంచు కొసను భూతద్దం కిందికి జరిపింది. విసుగ్గా వంగాడు కోటిలింగం. ముందు ఒక ఆకుపచ్చ ముడి కనిపించింది. జానెడు బిగువు అయిపోయిన చోట ఇంకో ఆకుపచ్చ ముడి. ఆ బిగువు మొదలైన చోట మాత్రం పసుపు ముడి ఉంది.

“ఎవడిదీ పసుపు...” అని అరవబోయాడు కోటిలింగం.  చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి వెళ్ళింది. జేబులోని చిన్న దారపుండ పసుపు కొస బయటికి వేలాడుతోంది.



“మీరు నవ్వుతూ పాఠం చెప్పిన రోజుదే పెదనాన్నా,” అంది మనోజ్ఞ మెల్లగా. “‘లేవమ్మాయ్, కోపం లేకుండా ఎట్లా నెయ్యాలో చూపిస్తా’ అని మీరే కూర్చున్నారు.”