శుక్రవారం తలంటు

1981 జూలై పదో తేదీ, శుక్రవారం, ఉదయం. తిరుపతిలో దేవనాథన్ గారి పాత ఇంటి కొట్టుగదిలో ముగ్గురు హాజరయ్యారు: కళాశాలలో తర్కశాస్త్రం బోధించే దేవనాథన్, మేస్త్రీ కుప్పయ్య, ఆ ఇంటి వెనక ఖాళీ స్థలాన్ని కొన్న గూడూరు నిమ్మకాయల వ్యాపారి గంగాధరం.

దేవనాథన్ భార్య అమృతవల్లి ఆ గదిలో లేదు. గోడకు ఇవతల, అత్తగారి తలకు నూనె అంటుతూ అంతా వింటున్నది.

తుంటి విరిగిన నాటి నుంచి అత్తగారు కుముదవల్లమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా పెరటి చివరి స్నానాల గదికి మోయాలి. ఒక పక్క కొడుకు, ఒక పక్క కోడలు. మరుగుదొడ్డికి వెళ్ళాలన్నా అదే మోత.

అమృతవల్లి నడుము ఇప్పుడు వంగితే లేవడం లేదు, లేస్తే వంగడం లేదు.

మంచం పక్కనే ఉన్న కొట్టుగదిని స్నానాల గదిగా మార్చాలన్నది ఏడాదిగా నలుగుతున్న ఆలోచన.

కుప్పయ్య నేల మీద సుద్దముక్కతో గీతలు గీశాడు.

"ఈడ కుర్చీ దొడ్డి సామీ. ఈడ కొళాయి. పెద్దమ్మ పట్టుకునేదానికి ఈ గోడకు ఇనప కమ్మీ. కింద గరుకు బండ. నున్నటిది ఏస్తే మళ్ళా జారతాది."

"నీళ్ళు ఎటు పోతాయి?"

"వెనక్కే పోవల్ల. ముందర వీధి ఎత్తు గదా. గొట్టం ఈయప్ప స్థలంలో ఓరగా పోతే సాలు."

ఇద్దరూ గంగాధరం వైపు చూశారు.

"అది మాత్రం అడగొద్దండి సార్. ఆడ లాడ్జి కట్టాలని కొన్నాను. నా పునాదుల కింద మీ గొట్టం పెట్టుకోని నేనేం జేయాల?"

"భూమి లోపల పోయేదే కదండీ. మా అమ్మ కోసం అడుగుతున్నాను."

"ఈ పొద్దు మీరు, రేపు పక్కింటాయన. వద్దు సార్."

స్థలం కొలతలు చూసుకోవాలంటూ అతడు వెనక సందులోకి వెళ్ళిపోయాడు.

"గొట్టం లేకుండా గది కట్టేద్దామా కుప్పయ్యా?"

"కట్టొచ్చు సామీ. నీళ్ళు మోసకపోయి పారబోసేదానికి ఇంకో మనిషిని పెట్టుకోవల్ల." కుప్పయ్య సుద్దముక్క జేబులో వేసుకుని లేచాడు.

అమృతవల్లికి ఏడుపు కూడా రాలేదు. నూనె గిన్నె పక్కన పెట్టి, "ఏమండీ, రండి, ఎత్తుదాం" అన్నది.

కుర్చీ పెరటి మెట్ల దగ్గరికి వచ్చేసరికి వెనక వాకిలి నుంచి ఒక గొంతు.

"అమ్మా, కొండ నడిచి దిగినాను. గంధం ఆరిపోయి తల పీకతాండాది. ఒక బిందె నీళ్ళిస్తే పోసుకుంటా."

అప్పుడే గుండు కొట్టించుకున్న పెద్దామె. రోజూ ఎవరో ఒకరు ఇట్లా అడుగుతూనే ఉంటారు. తిరుపతి వాళ్ళకు గుండ్ల కింద ముఖాలు కనబడటం ఎప్పుడో మానేశాయి.

"ఇది సత్రం కాదమ్మా. ముందుకు పోండి." దేవనాథన్ తల తిప్పలేదు.

ఆ మాట పూర్తి కాకముందే కుర్చీ ఒరిగింది. నూనె చేతుల్లోంచి కోడు జారింది.

అమృతవల్లి కేక గొంతులోనే ఉండగా పెద్దామె పరుగున వచ్చి, కుముదవల్లమ్మను చంకల కింద పట్టుకుని ఆపింది.

"కుర్చీ వదిలెయ్ తల్లీ, నడుము ఇరగ్గొట్టుకుంటావు. నేను పట్టుకునుండా గదా!"

"ఎవరో ఏమో, అమ్మ మడి..." దేవనాథన్ గొణిగాడు.

"ఊరుకోరా," అన్నది కుముదవల్లమ్మ. "నిన్నూ నీ మడినీ నమ్ముకుంటే ఈపాటికి నేలమీద ఉండేదాన్ని."

ఇద్దరు ఆడవాళ్ళూ ఆమెను స్నానాల గదికి చేర్చారు. దేవనాథన్ బయట నిలబడి, చేతులు తుడుచుకుంటూ గట్టిగానే అన్నాడు.

"ఆ గంగాధరానికి గుండె ఉంటే గదా! వాడి తల్లికి ఇదే గతి పట్టాలి. అప్పుడు తెలుస్తుంది."

"శుక్రవారం పూట ఏం మాటలండీ అవి!" అమృతవల్లి లోపలి నుంచే కసురుకున్నది.

పెద్దామె చెంబు ముంచింది. "కండ్లు మూసుకోక్కా. సీకాయ పడతాది."

తలంటు ముగిసేసరికి అండాలో అడుగు నీళ్ళే మిగిలాయి. అవీ చల్లారిపోయాయి. పెద్దామె వాటితోనే గుండు తడుపుకుని, పైట కొంగుతో తుడుచుకుని వెళ్ళిపోయింది. అలసటలో అమృతవల్లి ఆమె పేరైనా అడగలేదు.

మధ్యాహ్నం గంగాధరం మళ్ళీ వచ్చాడు. చేతిలో కాగితం.

"ఒప్పుదల రాయించుకోని వచ్చినా సార్. గొట్టం పోనీండి."

దేవనాథన్ అక్షరం అక్షరం చదివాడు. ఎక్కడో మెలిక ఉండి తీరాలని అతని తర్కం.

"షరతులేమీ లేవే?"

"లేవు సార్." గంగాధరం సంతకం చేశాడు.

"పొద్దున ససేమిరా అన్నారు!"

"అన్నాను. మా యమ్మ ఊరుకోలా. ఆ సార్ వాళ్ళమ్మ ఇంట్లోనే నీళ్ళు పోసుకోవల్ల, రాసిచ్చి రాపోరా అని పట్టు పట్టేసింది."

మజ్జిగ తెచ్చిన అమృతవల్లి గుమ్మంలోనే ఆగింది. "ఆమెను కూడా పిలుచుకొని రావాల్సిందండీ. మా సంగతి ఆమెకు ఎట్లా తెలిసింది?"

"గూడూరు బస్సు ఎక్కించే వచ్చినానమ్మా. నేను స్థలం కొలుస్తా ఉంటే మీ పెరట్లోకి వచ్చి నీళ్ళడిగింది మా యమ్మే గదా! మీరు బాగా మర్యాద చేసినారంట, వేణ్ణీళ్ళు గూడా ఇచ్చినారంట."

దేవనాథన్ గంగాధరం సంతకం కింద తన సంతకం చేసి, కాగితాన్ని మడిచి, బీరువాలో పెట్టి, దాని మూసిన తలుపు వైపే తిరిగి నిలబడిపోయాడు.