గజేందర్ రిపోర్టు

"ఒక్క పూట, సాబ్. రక్తమిచ్చి ఉరికొస్త."

"లీవ్ మాఫీ, లేదు పో," అన్నాడు ఫోర్‌మన్ హమీదుద్దీన్, తలెత్తకుండానే. "వరల్డ్ కప్ నెత్తి మీదుంది. ఒక్క మనిషి తగ్గినా పెద్ద సాబ్ నా తోలు తీస్తడు. అయినా కడుపుతోటున్నది నీ పెండ్లాం. నీ రక్తమెందుకయ్యా?"

గజేందర్ మూడోసారి చెప్పాడు. సుహాసినికి మూడో నెల. ఆర్మూరులో పరీక్ష చేస్తే ఆమె తలసేమియా క్యారియర్ అని తేలింది. ఆమెకేం ఫరవాలేదు. భర్త కూడా క్యారియరైతే మాత్రం బిడ్డకు ఆ జబ్బు రావచ్చు. అతని రిపోర్టు వెంటనే కావాలి.

"శుక్రవారం సెలవే గద, అప్పుడు పో. యల్లా, పనికి నడువ్."

మధ్యాహ్నానికే ఆ శుక్రవారం కూడా ఓవర్‌టైం అని చెప్పేశారు.

ఆ సాయంత్రం క్యాంపులో ఫోన్ మోగింది.

"దుబాయ్ పోయినంక మేం యాదికే లేమా?" సుహాసిని గొంతు.

"ఇది దుబాయ్ కాదే, ఖతర్."

"ఏదైతేంది? రక్తమిచ్చినవా, లేదా? మా అక్క కొడుకును సూస్తలేవా? నెలనెలా రక్తమెక్కిస్తేనే బతుకుతున్నడు. నీకూ ఉంటే కడుపుల బిడ్డకు ఇంకో పరీక్ష చెయ్యాలంట. ఆలస్యమైతే డాక్టరమ్మ కూడ ఏం జెయ్యలేదట."

గజేందర్ ఫోన్‌ను పరుపు మీదికి విసిరాడు. పక్క మంచం రాజేందర్ నైట్ డ్యూటీకి బూట్లు వేసుకుంటూ నవ్వాడు.

"అది పగిలితే రేపు తిట్లెట్ల తింటవ్‌రా?"

"నవ్వకు! ఈడ స్టేడియానికున్న ఇలువ నా బిడ్డకు లేదు."

శుక్రవారం ఉదయం. అల్ వక్రాలో ఓ క్లినిక్. నిలబడ్డానికి చోటు లేదు. గజేందర్ హెల్త్ కార్డు కౌంటర్ మీదికి చేరింది. ట్యూబు మీద గజేందర్ పేరు అంటించారు. సూది గుచ్చారు. ఇన్ని రోజుల గొడవ ఐదు నిమిషాల్లో తేలిపోయింది.

మంగళవారం రిపోర్టు వచ్చింది. క్యారియర్ కాదు.

గజేందర్ వెంటనే ఫొటో తీసి పంపాడు. గంటలో ఫోన్.

"డాక్టరమ్మ సూసింది! బిడ్డకు ఇగ ఏ పరీక్షా అక్కర్లేదన్నది." సుహాసిని ఏడుస్తూ నవ్వుతోంది. "నిన్ను ఎన్ని మాటలంటి! ఆ ఫోర్‌మన్ ఎట్లిడిసిపెట్టిండు?"

"వాడెందుకిడుస్తడు? ఏదో తిప్పలు పడ్డం తియ్యి. నువ్వు మంచిగ తిను, పండు."

ఫోన్ పెట్టేసి, గజేందర్ రాజేందర్‌ను గట్టిగా కావలించుకున్నాడు.

"నా కార్డు పట్టుకపోయి నువ్వన్నా రక్తమిచ్చొస్తివి... నయమేరా, మనిద్దరిదీ ఒకటే బ్లడ్ గ్రూపాయె!"