యాపిళ్ల దంపుడు

"అలా నోరు తెరుచుకుని నిలబడతావేమయ్యా? ముందీ బుట్ట అందుకో!"

చెట్టు మీంచి క్లోరిందా వేసిన కేకకి కంచె పక్కన కోళ్లు చెదిరిపోయాయి. కంచె దగ్గరున్న మనిషి పరుగున వచ్చి బుట్ట అందుకున్నాడు. బరువుకి మోకాళ్లు వంగాయి.

"మెల్లిగా! దెబ్బ తగిలితే రేపటికి నల్లబడతాయి."

"నా మోకాళ్లా, యాపిళ్లా?"

"మోకాళ్లదేముంది, అవే సర్దుకుంటాయి."

ఆ ఏడు చిలీ దేశపు చిలోయే దీవిలో యాపిళ్లు విరగకాశాయి. క్లోరిందా తోటలో కొమ్మలు నేలకి ఆనాయి. గడ్డిలో యాపిళ్లు, దారిలో యాపిళ్లు, పడవ బోర్లించిన చోటా యాపిళ్లే. తిని తిని పందులు కూడా మొహం తిప్పుకుంటున్నాయి. సముద్రం మీద చూస్తే మబ్బు కమ్ముకొస్తోంది. పోయినేడు ఇలాగే వాన ముందొచ్చి, సగం పంట మట్టిలోనే కుళ్లిపోయింది. ఆ వాసన చలికాలమంతా ఇంట్లోకి వస్తూనే ఉండింది. ఈసారి ఒక్క పండు కూడా పోనివ్వనని క్లోరిందా ఒట్టు పెట్టుకుంది.

మధ్యాహ్నానికి వంటింట్లో కాలు పెట్టే చోటు లేదు. కట్టెల పొయ్యి మీద జామ్ కుతకుతలాడుతోంది. ఎండబెట్టడానికి దారానికి గుచ్చిన ముక్కలు దూలాలకి దండల్లా వేలాడుతున్నాయి. అతను బల్ల ముందు కూర్చుని చెక్కు తీస్తున్నాడు.

"అదేం తీయడమయ్యా? సగం పండు తొక్కతోనే పోతోంది."

"ఈ కత్తికి వెన్న కూడా తెగదు. ఈ ఇంట్లో పదునైంది నోరొక్కటేనా?"

క్లోరిందా గరిటె ఎత్తింది. అతను యాపిల్ అడ్డం పెట్టుకున్నాడు. ఇద్దరికీ నవ్వాగలేదు.

"మంచి కత్తి సొరుగులో ఉంది, పో."

"ఏ సొరుగు?"

"కళ్లెదురుగా ఉన్నది కనపడదు కదా! మగవాళ్లంతా ఇంతే." తనే లేచి కత్తి తీసిచ్చింది. చొక్కా పాడవుతుందని తన పూల ఏప్రన్ కూడా అతనికి కట్టింది.

యాపిల్ ముక్కలు కూరి కాల్చిన కజ్జికాయల్లాంటి ఎంపనాడాలు పొయ్యిలోంచి బయటికొచ్చాయి. అతను ఊదుకుంటూ ఒకటి తిన్నాడు. ఇంకోటి తిన్నాడు.

"చక్కెర కాస్త తగ్గింది," అంటూ మరోటి అందుకున్నాడు.

"తగ్గిందా? అయితే కింద పెట్టెయ్యి."

"పారేస్తే పాపం కదా," అన్నాడు నోరు నిండా కుక్కుకుని.

జామ్ అయింది, అప్పడాలంత పల్చగా కోసిన ముక్కలూ అయ్యాయి. ఇంకా కొండంత మిగిలింది. ఇక కల్లు తీయాల్సిందే. యాపిల్ కల్లుకి పళ్లు దంచాలి. దంచడానికి ఊరు కావాలి.

సాయంత్రం ఊరు దిగింది. పూల ఏప్రన్‌లో ఉన్న అతణ్ణి చూసి, ఒకరినొకరు చూసుకుని ముసిముసిగా నవ్వుకున్నారు. పాకలో పెద్ద కొయ్యతొట్టి నిండా పళ్లు పోశారు. తొట్టికి అటొకరు, ఇటొకరు పొడుగాటి కర్రలతో నిలబడ్డారు. ఒక కర్ర లేస్తే ఇంకోటి దిగాలి. మూలన ముసలి డెల్ఫిన్ అకార్డియన్ సాగదీశాడు.

అతనికి ఎదురుగా క్లోరిందా నిలబడింది. మొదటి దెబ్బకే రసం ఎగిరి ఆమె మొహమంతా చిందింది.

"తాళం తప్పావయ్యా!"

"తొట్టే కదిలింది!"

పాక గొల్లుమంది. పైన వాన మొదలైంది. కురిస్తే కురవనీ, బయట ఒక్క పండు లేదు! కాసేపటికి ఇద్దరి కర్రలకీ జత కుదిరింది. దబ్, దబ్, దబ్. చూసేవాళ్లు చప్పట్లు కొట్టారు.

అంతలో రేవులో ఆఖరి లాంచీ కూత వేసింది. అతని కర్ర గాల్లో ఆగిపోయింది.

"అలిసిపోయావా?" అంది క్లోరిందా.

"ఎవరు, నేనా?"

కర్ర మళ్లీ దిగింది. రసం చూరుదాకా చిమ్మింది.

పిప్పిని మరలో వేసి పిండుతుంటే, వదిన ఎర్మినియా క్లోరిందా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"నిజం చెప్పవే, ఏం మందు పెట్టావు? ఇంత పని చేసే మగాణ్ణి నేనీ దీవిలో చూళ్లేదు."

క్లోరిందా గడ్డం మీది రసం తుడుచుకుని వదిన చెవిలో అంది:

"రేవుకి దారెటని అడుగుదామని పొద్దున ఆగాడు పాపం... నేనింకా చెప్పలేదు."