దుప్పట్లు పిండిన చెయ్యి

షటిల్ మళ్ళీ నెట్టుకే తగిలి కింద పడింది.

శేషారత్నమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది. మనవరాలు అక్షయ ఆట చూద్దురుగాని రమ్మని నరసరావుపేటలో తమ వీధి వీధంతా పిలుచుకొచ్చి, కోర్టు మెట్ల మీద వరసగా కూర్చోబెట్టింది తనే మరి. చిలకలూరిపేట పిల్ల నవ్వుతూ నవ్వుతూ గెలిచేసి బ్యాటు సంచిలో పెట్టుకుంది. అక్షయ నెట్టు దగ్గరే తల దించుకుని నిలబడిపోయింది. ఇంత ఎండలో దీనికా నడిపించుకొచ్చావు అత్తా అని పక్కింటి ఆదినారాయణ భార్య మెల్లగా అనేసరికి, శేషారత్నమ్మకి ఆ మెట్ల కింద ఎక్కడన్నా దూరిపోదామనిపించింది.

ఆట కాగానే కోచ్ అన్సార్ వచ్చాడు. పెద్దావిడని పక్కకి పిలిచాడు.

"చూపుంది, కాళ్ళల్లో చురుకుంది మామ్మగారూ. మణికట్టులోనే బలం లేదు. జిల్లా సెలెక్షన్ దాకా చూస్తా. అప్పటికీ ఇట్టాగే ఉంటే జట్టులో ఈ పిల్ల చోటు ఇంకో పిల్లకి ఇవ్వాల."

ఏం చేయించాలో అతనే చెప్పాడు. రబ్బరు బంతి పిసకాలి. కర్రకి తాడు కట్టి, తాడు చివర ఇటుక వేలాడదీసి, మణికట్లు తిప్పుతూ ఆ తాడంతా కర్రకి చుట్టాలి. తడి దుప్పట్లు పిండాలి. రెండు చేతులకీ సమానంగా చేయించమన్నాడు.

"ఆడేది కుడిచేత్తోనే గదా సారూ, రెండోదానికి ఎందుకంట?" అందావిడ. అన్నం దగ్గర్నుంచి అక్షరం దాకా పిల్లకి ప్రతిదీ తను ఎంత పద్ధతిగా, కుడిచేత్తోనే నేర్పి పెంచిందో చెప్పబోయింది గానీ, ఈలోగా అతన్నెవరో కేకేస్తే వెళ్ళిపోయాడు. అక్షయ ఒంగి బూటు తాడు కట్టుకుంటూ ఉండిపోయింది.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో దుప్పట్లన్నీ అక్షయవే. పిండిందాన్నే మళ్ళీ తడిపించి పిండించేది మామ్మ. నానబెట్టిన శనగలు పెట్టింది. నూనె కాచి ముంజేతికి మర్దన చేసింది. పిల్ల ఒక్క మాట ఎదురు చెప్పలేదు. చెయ్యి గట్టిపడింది. ఇంటి ముందున్న తమ కొట్టుకి సరుకులకొచ్చిన వాళ్ళందరికీ ఆ చెయ్యి పట్టి చూపించి, ఇప్పుడు చూడండి మా పిల్ల ఆట అంటూ మళ్ళీ గొప్పలు మొదలెట్టింది.

సెలెక్షన్‌లో షటిల్ నెట్టు దాటింది. దాటి గీత అవతల పడింది. గట్టిగా కొడితే అవతల, మెల్లగా కొడితే నెట్టుకి. అన్సార్ ఇంకో పిల్లని ముందుకి పిలిచి, వీళ్ళ వైపు చూడలేక మొహం తిప్పుకున్నాడు.

"నీ పరువు తీశాను మామ్మా," అంది అక్షయ ఆటోలో, బయటికి చూస్తూ.

"పరువుదేముందే," అంది గానీ, కొట్టు ముందు దిగేటప్పుడు ఎవరూ పలకరించకుండా ఉంటే చాలని ఆవిడ దేవుళ్ళందరికీ మొక్కుకుంది. కడుపు నిండా తిండి పెట్టడం తనకే చేతగాలేదేమోనని ఆ రోజు రెండు పూటలా తనూ సరిగ్గా తినలేదు.

మర్నాడు పొద్దున కొట్టు వెనకాల టక్కు టక్కుమని చప్పుడైతే, పిల్లులేమోనని వెళ్ళింది. మిరపకాయల గోదాము గోడకేసి అక్షయ ఒక్కతే ఆడుకుంటోంది. మలుపులోంచి పిల్ల వీపూ, ఊగే జడా కనిపిస్తున్నాయి. షటిల్ గోడకి తగిలి వస్తోంది, వచ్చిందల్లా తిరిగి ఆ చోటికే పోతోంది. ఒక్కటంటే ఒక్కటి కింద పడితే ఒట్టు. చిలకలూరిపేట పిల్ల దీని ముందు ఎంత! శేషారత్నమ్మకి కళ్ళు చెమర్చాయి.

"ఏమే, నిన్న ఏమైందే ఈ ఆటంతా?"

మామ్మ గొంతు వినగానే అక్షయ ఉలిక్కిపడి, బ్యాటుని ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మార్చుకుంది.