కదలని అంకె

"నీ సెలూన్ అమ్మేశాను నాన్నా."

ఆ మాట అనేసి కూతురు తండ్రి ముఖం చూడలేదు. ఆసుపత్రి మంచం తలాపున ఉన్న మానిటర్ చూసింది. గుండె వేగం అరవై రెండు. అంకె కదల్లేదు.

"చూశావా, చీమ కుట్టినట్టయినా లేదు నీకు! అమ్మ పోయిన రోజూ ఇంతే. సాయంత్రానికల్లా షాపు తెరిచి, ఎవడికో గడ్డం గీస్తూ నిలబడ్డావు."

ముసలాయన పైకప్పు చూస్తూ పడుకున్నాడు. అరవై రెండు.

"రాయివి నువ్వు. మిషన్ కూడా అదే చెబుతోంది."

సెలైన్ మార్చడానికి వచ్చిన నర్సుకి ఒళ్లు మండింది.

"దాన్ని సాక్ష్యానికి పిలవకండి మేడమ్. పొద్దున పరీక్ష కోసం గుండెని పరుగెత్తించే మందు ఎక్కించాం. దానికే సరిగా కదల్లేదు. ఈ వయసు, ఇన్నేళ్ల బీపీ. మందు మాటే వినడం లేదు ఆ గుండె, మీ మాటకి ఎగిరిపడుతుందా?"

"మరి ఈయనకి బాధుందని ఎలా తెలుస్తుంది?"

"మనిషిని చూస్తే తెలుస్తుంది." నర్సు విసురుగా వెళ్లిపోయింది.

కూతురు తల దించింది. సెలైన్ గొట్టం ఊగుతోంది. ఫ్యాను గాలికేమో అనుకుంది. ఫ్యాను ఆపేసి ఉంది.

ఇన్నేళ్లలో ఒక్క గొంతు మీదా గాటు పడనివ్వని ఆ చెయ్యి దుప్పటి మీద గజగజ వణుకుతోంది.

పట్టుకోబోయింది. ఆయన లాగేసుకున్నాడు.

"మీ అమ్మ కొన్న అద్దం కూడా అమ్మేశావా?" అన్నాడు.