ఇరవై రెండో నిమిషం

...పోనీ, పోలిక అనుకుందామా? ఉన్నవి ఏడు స్వరాలు. ఎక్కడో ఎవరో అలాగే కలుపుకుని ఉండొచ్చు. కానీ రెండో పాదం మధ్యలో ఆ ఆగడం? ఇరవై ఏళ్ళుగా ఏలూరు చర్చి కోయిర్‌కి జెస్సీ నేర్పుతున్నది దాన్నే. "ఇక్కడ ఊపిరి బిగబట్టండి. ఇది దుఃఖం" అని చెబుతుంది. ఆమెకి అలా చెప్పింది వరదానం మాస్టారు. ఆయన కట్టిన ఆ పాట లేకుండా కొల్లేటి చుట్టుపక్కల ఏ సమాధీ పూడదు. మరి జపాన్‌లో జుట్టు పెంచుకున్న నలుగురి గిటార్ సరిగ్గా అక్కడే ఎందుకు ఆగింది?

ఆలోచన తెగకుండానే ఆమె వేలు కాలింగ్ బెల్ నొక్కేసింది. తాడేపల్లిగూడెంలో బస్సు దిగడం, మాస్టారింటిదాకా నడవడం గుర్తులేదు.

"రామ్మా జెస్సీ. ఆదివారం నా సన్మానంలో మాట్లాడబోయేది వినిపించడానికొచ్చావా?" అన్నారు మాస్టారు.

"వినిపించడానికే వచ్చానండి. నేను మాట్లాడేది కాదు."

కుర్చీలో కూర్చోకుండానే ఫోన్ టీపాయ్ మీద పెట్టి పాట మొదలుపెట్టింది. ఆమె కూతురు నిస్సీ నిన్న ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టి, "జపాన్ బ్యాండ్‌ది, సైకెడెలిక్ రాక్ అమ్మా. కళ్ళు మూసుకుని వినాలి" అంది. ఆల్బమ్‌లో ఆఖరి పాట అది, ఇరవై రెండు నిమిషాలు. పదకొండో నిమిషంలో జెస్సీ ఇయర్‌ఫోన్ పీకేసింది. మిగిలింది వినే ధైర్యం లేకపోయింది.

గిటార్లు గది నిండా బుసకొట్టాయి. మాస్టారి భార్య రాజకుమారి టీ తెస్తూ గుమ్మంలో ఆగింది.

"ఏంటమ్మా ఇది, రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్లన్నీ ఒక్కసారి తిప్పినట్టుంది."

"జపాన్ వాళ్ళ పాటండి అమ్మగారూ."

"పాటా? చెప్పావు గనక సరిపోయింది."

జెస్సీ వేలితో పదకొండో నిమిషానికి జరిపింది. రొదలోంచి ఒక్క గిటార్ పైకి తేలింది. రెండో పాదం మధ్యలో ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఏవండీ, ఇది మీ పాటే కదండీ," అంది రాజకుమారి మొహం వెలిగిపోతూ. "జపాన్ దాకా వెళ్ళిపోయిందన్నమాట. ఆదివారం ఈ సంగతి కూడా చెప్పు జెస్సమ్మా."

మాస్టారు నవ్వలేదు. వాళ్ళే దొంగిలించారమ్మా అని ఆయన ఒక్క మాట అంటే చాలు, నమ్మేసి, టీ తాగి వెళ్ళిపోదామని జెస్సీ ఎదురు చూసింది. నమ్మడానికి అంత సిద్ధంగా ఉన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"మాస్టారండీ, వాళ్ళు మీ దగ్గర తీసుకున్నారా, మీరు వాళ్ళ దగ్గర తీసుకున్నారా?"

"ముందు అది ఆపమ్మా. చెబుతాను."

ఆయన చెయ్యి ఫోన్ వైపు వచ్చింది. జెస్సీ దాన్ని తన వైపు లాక్కుంది. "దాని మానాన దాన్ని మోగనివ్వండి. చెప్పండి."

మాస్టారు ట్రేలోంచి కప్పు తీసుకుని, టీ అంతా తాగాకే మొదలుపెట్టారు.

"ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట పిట్టల కూతలు రికార్డు చేసుకోవడానికి జపాన్ నుంచి ఒకాయన కొల్లేరు వచ్చాడు. ఇంగ్లీషు వచ్చని నన్ను వెంట పంపారు. పక్క చేలో ఊడ్పులు జరుగుతున్నాయి. ఒకావిడ పాడుతోంది. ఆయన మైకు పిట్టల మీంచి అటు తిప్పాడు. ఆ టేపు ఎవరెవరి చేతులు మారిందో మరి."

"అయితే ఆ పాట..."

"ఆవిడదే. మాటలు మార్చి దేవుడి పాట చేశాను."

"మరి ఆ ఆగడం? దుఃఖం అన్నారు."

"బురదలో వెనక్కి అడుగు వేసేటప్పుడు ఊపిరి తీసుకునేదమ్మా. అంతే."

రాజకుమారి ట్రే అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

"ఆవిడ పేరేంటండీ?"

"కూలికొచ్చిన మనిషి. పేరెవరడుగుతారు?"

"పాటల పుస్తకంలో మీ పేరు వేసుకున్నప్పుడైనా అడగాలనిపించలేదా?"

"జెస్సీ," మాస్టారి గొంతు మెత్తబడింది. "అయిదేళ్ళ పిల్లవి, తల్లి పోతే హాస్టల్‌కి వచ్చావు. చెయ్యి పట్టుకుని సరిగమలు నేర్పాను. నువ్వొచ్చి నిలదీసేంత తప్పు చేశానా?"

ఎప్పటిలాగే కృతజ్ఞత వచ్చి జెస్సీ మాటకి అడ్డం పడింది. ఈయన ముందు తనకి కోపం ఎన్నడూ చివరిదాకా రాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసని మొదటిసారి తోచింది.

"ఆదివారం నేను మాట్లాడనండి. ఇంకెవరినైనా చూసుకోండి," అంటూ ఫోన్ తీసుకుంది.

అప్పటికి గిటార్లు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. నీళ్ళ చప్పుడు, పిట్టల గోల, వాటి మధ్య సన్నగా ఒక ఆడమనిషి గొంతు. అదే పాట. అడుగు పడ్డప్పుడల్లా ఆగుతోంది.

"విన్నావుగా. ఇంక ఆపెయ్యమ్మా."

జెస్సీ ఆపలేదు. వరండాలోకి నడిచింది.

"నీకు దండం పెడతాను. ఆపెయ్యి," అన్నారు మాస్టారు వెనకాలే వస్తూ. ఆయన నిజంగానే చేతులు జోడించారు. దాచిందంతా చెప్పేసిన మనిషి ఇంకా దేనికి భయపడుతున్నాడో ఆమెకి అర్థం కాలేదు. కిందికి దిగడానికి మెట్టు మీద కాలు పెట్టింది.

ఫోన్‌లో పాట మధ్యలో తెగింది. దూరంగా గట్టు మీద ఉన్న ఎవరినో ఆ గొంతు కంగారుగా కేకేసింది.

"ఒసే జెస్సీ, దిగకే తల్లీ, లోతుందే. అక్కడే ఉండు, అమ్మొచ్చేత్తంది."

జెస్సీ మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది.