పేరూ, పనీ

డాక్టర్ విల్ఫ్రిదో గుడ్లు తెచ్చాడు, మొక్కజొన్న పిండి తెచ్చాడు. చీజ్ మర్చిపోయాడు. చీజ్ లేకుండా ఆదివారం రొట్టె ఎలా చేస్తారో అతని భార్య ఎవులాలియాకి తెలియదు.

"చీటీ రాసిచ్చాను కదా."

"పంతొమ్మిదేళ్లుగా పొట్టలు కోస్తున్నవాడికి చీజ్‌ కోసం చీటీ ఎందుకు?"

"ఆపరేషన్‌కీ చీటీ వద్దంటారుగా. నా గొడవంతా దానికే."

ఎవులాలియా అతని ఆపరేషన్ గదిలోనే హెడ్ నర్సు. కోతకు ముందు అడగాల్సిన ప్రశ్నల కాగితం రాజధాని అసున్సియోన్ నుంచి వచ్చి ఏడాదయింది. రోగి ఎవరు, ఏ వైపు కోయాలి, గదిలో ఎవరెవరున్నారు, అన్నీ పైకి చదవాలి. ఎవరూ చదవరు. పొద్దున్నే చల్లటి తెరెరె తాగుతూ వరసగా టిక్కులు పెట్టేస్తారు. కింద సంతకం మాత్రం ఆమెది.

"రేపు చదవనివ్వకపోతే పిల్లల వార్డుకి మారిపోతా," అంది. "దరఖాస్తు రాసేశాను."

విల్ఫ్రిదో చేతిలో తెరెరె గ్లాసు కింద పెట్టాడు. ఆమె లేని గదిలో అతను ఒక్కరోజూ కత్తి పట్టలేదు.

"మాస్కుల్లో ఉన్నా మనవాళ్లని కళ్లు చూసి గుర్తుపడతాను. పేర్లడిగితే నవ్వుతారే. ఆ పెద్ద లైటు తిప్పే పొడుగాటాయన్ని చూడు. మూడు వారాల్లో ఒక్క ప్రశ్న అడగలేదు. పనివాడంటే అలా ఉండాలి."

"ఆయన్ని నేనేమన్నాను? నెమ్మదస్తుడు. ఇంతకీ చదవనిస్తారా, లేదా?"

"చదువు తల్లీ. ఒక్కసారే."

సోమవారం ఉదయం ఆమె కాగితం తీసింది. "అందరూ పేరూ, పనీ చెప్పండి."

మత్తు డాక్టరు కిసుక్కున నవ్వింది. "నా రెండు పెళ్లిళ్లకీ వచ్చి తిన్నావు, నా పేరు తెలీదా వదినా?" అయినా చెప్పింది. విల్ఫ్రిదో నుదుటి చెమట తుడిపించుకుంటూ చెప్పాడు. వంతు అతని ఎడమవైపు, పెద్ద లైటు దగ్గరికి వెళ్లింది.

మధ్యాహ్నం ఇంట్లో భోజనాల దగ్గర అతను ఉడికిన కర్రపెండలాన్ని చిదుపుతూ కూర్చున్నాడు.

"రేపట్నుంచి ప్రతి ప్రశ్నా పైకి చదవాల్సిందే," అన్నాడు చివరికి. "అందరూ పేర్లు చెప్పేదాకా నేను కత్తి ముట్టను."

అత్తగారు దోన్యా పెర్లా వడ్డించే గరిటె ఆపింది. "నిన్నటిదాకా ఆ కాగితమంటే మండిపడ్డావు. ఇంతలో ఏం ముంచుకొచ్చింది అల్లుడూ?"

విల్ఫ్రిదో భార్యకేసి చూశాడు. ఆమె మంచినీళ్ల గ్లాసులోకి చూస్తోంది.

"మాకు లైటు తిప్పే పొడుగాటాయన మా గదిలో ఏసీ బాగుచెయ్యడానికి వచ్చిన మనిషట అత్తయ్యా, మొదటిరోజే 'ఇంత ఆలస్యమా, చేతులు కడుక్కురా' అని లోపలికి లాగింది నేనేనట."